నాలుగు గింజల పండు

ఆ మొక్క నా బల్ల మీదికి వచ్చిన రోజు పొద్దుట నేను బఠాణీల ఓడ ఎక్కి దిగాను. ఓడ పక్కన ఏటవాలుగా వేలాడే అల్యూమినియం మెట్లు అవి. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లకు ఎక్కడం ఒక శిక్షయితే దిగడం రెండు శిక్షలు. పైకి వెళ్లి సరుకు నింపే హోల్డు మూత తీయిస్తే కింద పసుపుపచ్చని బఠాణీల గుట్ట, దాని మీద నిప్పులు చెరిగే ఎండ. గొట్టం గుచ్చి శాంపిలు తీయించి, జల్లెడ పట్టించి, జల్లెడ కింద పడిన పురుగు చచ్చినదా బతికున్నదా అని భూతద్దంతో చూసి, కాగితాల మీద సంతకాలు పెట్టి ఆఫీసుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. చుడీదార్ మడతల్లో బఠాణీ పొట్టు. మొహం తుడుచుకుంటే రుమాలుకు బొగ్గు నుసి.

నా ఉద్యోగం ఏమిటో మా వాళ్లకే సరిగ్గా తెలియదు. గోపాలపట్నంలో మా పక్కింటావిడ నేను పోర్టులో బఠాణీలు ఏరతానని చాలాకాలం నమ్మింది. ఆవిడ నమ్మకంలో పెద్ద తప్పేమీ లేదు. పరాయి దేశాల నుంచి ఓడల్లో వచ్చే గింజలు, దుంగలు, మొక్కలు, వాటితో పాటు పురుగునూ తెగులునూ మోసుకొస్తున్నాయేమో చూసి, తెస్తుంటే ఆపే సర్కారు ఆఫీసు మాది. ఏరడమే మా పని.

ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఎక్కువసార్లు అన్న మాట 'కుదరదు'. దుంగల వ్యాపారులతో అన్నాను, ఓడ ఏజెంట్లతో అన్నాను, బ్యాగులో గులాబీ అంటు దాచుకొచ్చిన పెళ్లికూతురితో కూడా అన్నాను. మొదట్లో ఆ మాట అనడానికి ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు మళ్లీ, రిటైర్మెంటు దగ్గరపడుతున్న కొద్దీ, ఆ మాట అనాల్సి వస్తుందంటేనే ఒంట్లో ఓపిక చచ్చిపోతోంది. వాదించే ఓపిక లేదు. ఎదుటివాడి మొహం చూసే ఓపిక అంతకన్నా లేదు.

పెరుగన్నం క్యారియర్ మూత తీశానో లేదో మా ఆఫీసు అటెండరు గుమ్మంలో నిలబడ్డారు. ఆయనది వన్ టౌన్. నాకన్నా రెండేళ్లు ముందు చేరారు, నాకన్నా ముందే వెళ్లిపోతారు. ఈ ఆఫీసులో నా మొహం చూసి నా ఒంట్లో ఎలా ఉందో చెప్పగల మనిషి ఆయనొక్కరే.

"మేడమ్, కస్టమ్స్ వాళ్లు గేటు దగ్గర్నుంచి ఒక మనిషిని పంపించారు. ఓడ దిగి ఇంటికి పోతున్నాడు. చేతిలో మొక్క ఉంది. మీరు తిన్నాక రమ్మంటాను లెండి."

"ఏం మొక్క?"

"ఏమో మేడమ్. ముళ్లున్నాయి."

మూత మళ్లీ పెట్టేశాను. "రమ్మనండి."

మనిషి సన్నగా ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. ఒక చేత్తో చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ, రెండో చేత్తో లుంగీ చుట్టిన మూటను ఛాతీకి ఆనించుకుని పట్టుకున్నాడు. మూట నా బల్ల మీద దించి, లుంగీ ముడి మెల్లగా విప్పాడు. ఐదు లీటర్ల నూనె డబ్బా మెడ కోసి కుండీ చేశాడు. అందులో మోకాలెత్తు మొక్క. ముదురాకుపచ్చ ఆకులు, ఇప్పుడే నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఆ గదిలో ఫైళ్లు, శాంపిలు సంచులు, గోడమీద చెమ్మ మరక, వాటన్నిటి మధ్యా అది ఒక్కటే కడిగిన వస్తువులా ఉంది.

"ఏ ఊరు బాబూ?"

"భీమిలి దాటేక అమ్మా. సముద్రం ఒడ్డునే. ఓడలో వంటోణ్ణి."

"దీని పేరు తెలుసా?"

"తెల్దమ్మా. కొన్నప్పుడు దుకానమావిడ ఏదో సెప్పింది గానీ ఆ బాస నాకు రాదు. మేవంతా ముల్ల సెట్టనీవోల్లం." అని కొంచెం ముందుకు వంగాడు. "మీకు తెలుత్తదేటమ్మా? గేటు కాడ సార్లు అన్నారు, ఆవిడ సూసి సెప్తారు దీని పేరేటో అని. ఏడాదిన్నరైంది, దీని పేరు తెల్దు నాకు."

ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది. అప్పటికప్పుడే చెప్పాల్సింది. పేరేదైనా సరే, ఆ దేశం సర్కారు ఇచ్చిన ఆరోగ్య పత్రం లేకుండా ఏ మొక్కా మన నేల మీద దిగకూడదు. వేపచెట్టయినా అంతే, మరువం కొమ్మయినా అంతే. అది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ ఆ నిమిషం నాకు బరువుగా అనిపించింది. పేరు చెప్పడం తేలిక. పేరు చెప్పడం నాకు ఇష్టం కూడా. ఫారంలో ఎలాగూ ఒక గడి ఉంటుంది, మొక్క పేరు రాయాలి. ముందు ఈ పని కానిద్దాం, ఆ మాట తర్వాత చెబుదాం అనుకున్నాను.

"కూర్చో. చూద్దాం." అన్నాను.

మెడలో వేలాడే భూతద్దం తీశాను. దూరం నుంచి చూసినప్పుడు నా బుర్రలో మెదిలింది మన నర్సరీల్లో హాలీ అని అమ్మే పొట్టి మొక్క. అది కడియం నుంచి లారీల్లో వస్తుంది, అచ్యుతాపురం ఫ్యాక్టరీల గేట్ల ముందు వరసగా పెడతారు. చిన్న ఆకు, అంచుకు ముళ్లు, గులాబీ రంగు పువ్వు. పేరొక్కటే గానీ దానికీ చలి దేశాల్లో పెరిగే అసలు హాలీకీ ఏ చుట్టరికమూ లేదు. ఏ రేవులోనో ఎవరో అలాంటిదే అంటగట్టి ఉంటాడని అనుకున్నాను.

కొమ్మ పట్టుకుని ఆకులు ఎక్కడెక్కడ పుట్టాయో చూశాను. మన నర్సరీ మొక్కకు ఆకులు జంటగా, ఎదురెదురుగా పుడతాయి. దీనికి అలా లేవు. ఒకటి ఈ పక్క, కొంచెం పైన ఇంకోటి ఆ పక్క. కొమ్మ చుట్టూ మెట్లలా ఎక్కుతున్నాయి. రెండో కొమ్మ చూశాను, మూడోదీ చూశాను. ఎక్కడా జంట లేదు.

నా నడుం కాస్త నిటారైంది.

"ఏటమ్మా?" అన్నాడతను.

"ఏం లేదు. ఇది నేననుకున్నది కాదు."

కింద రాలిన ఆకు ఒకటి డబ్బాలో ఉంటే తీసి బల్ల మీద పెట్టాను. చదునుగా కూర్చోలేదు. దాని అంచు అలలా వంకర తిరిగి ఉంది, ఒక ముల్లు పైకి, పక్కది కిందికి. ఎలా పెట్టినా రెండు మూడు ముళ్ల మీద నిలబడుతోంది. వేలితో నొక్కితే అట్టలా ఉంది. నలిపి వాసన చూశాను, ఏ వాసనా లేదు. తుంచితే పాలు రాలేదు. లేత కొమ్మ పచ్చగా, నున్నగా ఉంది. కాడ పొట్టిది, దాని పైవైపు సన్నటి గాడి.

"ఒక మాటడగొచ్చా అమ్మా? కింద ఆకులు గుచ్చుతాయి. పైనున్నాయి గుచ్చవు. సూడండి, ఈ కొమ్మకి సివర్న ఒక్క ముల్లే. మా సీఫ్ ఇంజనీర్ అనీవోడు ఇవి రెండు సెట్లు, ఒకే డబ్బాలో కుక్కేసేరని."

నేను ఆ మనిషి వంక చూశాను. వంటపని చేసుకునే మనిషి. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. ఏడాదిన్నర పాటు ఎవరూ చెప్పకుండా, ఒక పుస్తకం చూడకుండా, ఈ తేడా పట్టుకున్నాడు. మా ఆఫీసుకు శిక్షణకని వచ్చిన డిగ్రీ పిల్లల్లో ఎందరు పట్టుకునేవారో నాకు అనుమానమే.

"ఒకటే చెట్టు. మేకలూ జింకలూ నోరు పెట్టే ఎత్తులో ముళ్లు ఎక్కువ. పైన కొమ్మలకు భయం లేదు కదా, ముళ్లు తగ్గుతాయి. నీకు కొట్లో అమ్మింది పెద్ద చెట్టు కొమ్మ తెచ్చి నాటినది అయ్యుంటుంది. అందుకే రెండు రకాలూ ఉన్నాయి."

"మేకలికా?" అని నవ్వాడు. "ఓడలో మేకలెక్కడున్నాయమ్మా!"

అటెండరు రెండు టీలు తెచ్చారు. అతనికి కూడా. టీ తాగుతూ చెప్పాడు. తొమ్మిది నెలల కాంట్రాక్టని ఎక్కాడట. బదులు మనిషి రాక, ఓడ దారులు మారి, ఏడాదిన్నర అయింది. ఎక్కిన కొత్తల్లో చలి దేశంలో ఏదో రేవులో ఆగితే కూరగాయలకని దిగాడు. క్రిస్మస్ రోజులు. వీధంతా ఇవే మొక్కలు, ఎర్రటి పళ్లతో. అందరూ కొంటున్నారు, తనూ కొన్నాడు. మెస్సులో కిటికీ అద్దం పక్కన, ఏసీ గాలి తగిలేచోట పెట్టాడు.

"వాళ్లావిడ కూడా వచ్చింది మేడమ్." అన్నారు అటెండరు నాతో మెల్లగా, అతను ఫోను చూసుకుంటుంటే. "గేటు బయట ఆటోలో కూర్చుని ఉంది. పొద్దున్నించీ."

"ఏటి?" అని తలెత్తాడతను. "అవునమ్మా. మాయావిడ ఒచ్చింది. రోజూ వీడియో కాల్లో నన్ను కాదు, ముందు సెట్టు సూపించమనీది. ఓడలో పచ్చగా ఉన్నదేటైనా ఉంటే ఇదొక్కటే కదమ్మా. నీల్లు, ఇనుము, ఇనుము, నీల్లు. పొద్దుట అట్టు ఏసీముందు దీనికి ఒక గళాసు నీల్లు పోసి, రెండు మాటలు సెప్పీవోణ్ణి. సిగ్గుగానే ఉంటాది, అయినా సెప్పీవోణ్ణి."

ఆ మాటలు వింటూనే ఆకు తిరగేశాను. నడి ఈనె పక్కన గోధుమరంగు బుడిపెలు కనిపించాయి. కందిబద్దలో సగం ఉంటాయేమో. అద్దం కింద పెట్టి సూదితో ఒకదాన్ని లేపాను. కింద తడి. బతికే ఉంది. పక్కన పిల్ల పురుగులు పాకుతున్నాయి.

"ఇవి ఎప్పట్నుంచి ఉన్నాయి?"

"అయ్యా? అయి దాని మొటిమలు కావేటమ్మా? పుట్టుకతో ఒచ్చినాయనుకున్నాను."

"పురుగులు. కదలకుండా అతుక్కుని రసం తాగుతాయి."

అతని మొహం మారింది. మొక్కకు సుస్తీ చేసిందని విన్న మొహం అది, ఇంటికి తీసుకెళ్లలేనేమో అన్న ఆలోచన అందులో ఇంకా లేదు. "మందేటైనా ఉంటాదా అమ్మా?" అని అడిగాడు.

అప్పుడైనా చెప్పాలి. నేను చెప్పలేదు. ఆ గదిలో నేను చాలాకాలానికి ఇష్టంగా చేస్తున్న పని మధ్యలో ఉన్నాను. ఆకులు చెప్పాల్సింది చెప్పేశాయి, అసలు హాలీయే అని తొంభై పాళ్లు తెలిసిపోయింది. కానీ ముళ్లాకు మొక్కలు వేరేవీ ఉన్నాయి, పువ్వో పండో చూడకుండా ఖాయంగా రాయకూడదు. పువ్వులు లేవు.

"దీనికి పళ్లుండేవన్నావు. మళ్లీ కాసిందా?"

"లేదమ్మా. అదే నాకు బాధ. కొన్నప్పుడు ఉన్నాయే, అంతే. మల్లీ ఒక్కటి రాలేదు."

"ఇది ఆడ చెట్టు. వీటిలో ఆడా మగా వేరువేరు. దగ్గర్లో మగ చెట్టు ఉంటేనే కాయ నిలుస్తుంది."

అతను ఒక ఆకు అంచును వేలితో తడిమాడు. తర్వాత అన్నాడు, "పండు ఉంటే పేరు ఖాయంగా సెప్పగలరేటమ్మా?"

"చెప్పగలను."

"అయితే సూడండి." అని సూట్‌కేసు పక్క జేబు జిప్పు తీశాడు. మాత్రల డబ్బా ఒకటి, తెల్ల ప్లాస్టిక్‌ది. మూత తిప్పి అరచేతిలోకి వంచాడు. దూది మధ్య ఆరు ఎండిన పళ్లు, ముడతలు పడి, ఎరుపు నలుపుకు తిరిగి, మిరియాల కన్నా కాస్త పెద్దవి. "రాలినప్పుడల్లా దాసేను. ఊర్లో నాటదారని."

నేను ఒకటి తీసుకున్నాను. అద్దం కింద చూస్తే పండు నెత్తి మీద చిన్న నల్లటి మచ్చ, నాలుగు తమ్మెలతో. అడుగున ఎండిన తొడిమకూ నాలుగు పలకలే. బ్లేడు తీసి అడ్డంగా కోశాను. బత్తాయి తొనల్లా లోపల నాలుగు గింజలు, ఒక్కోటీ మూడు పలకలుగా, వీపు మీద గాట్లతో. నాలుగే. మన నర్సరీ మొక్క పండయితే మూడు ఉండేవి.

"దా, చూడు." అన్నాను. అతను కుర్చీలోంచి లేచి నా పక్కకు వచ్చి అద్దంలోకి వంగాడు.

"నాలుగున్నాయి."

"నాలుగు గింజలు, నాలుగు పలకలు, ఒకటి తప్పించి ఒకటి వచ్చే ఆకు, అట్టలాంటి మెరిసే ముళ్లాకు. దీని పేరు హాలీ. పుస్తకంలో ఐలెక్స్ అక్విఫోలియం. చలి దేశాల్లో ఏడాదంతా పచ్చగా ఉంటుంది, అందుకని ఇళ్ల ముందు అందానికి పెంచుతారు."

"హాలీ." అన్నాడు. మళ్లీ అన్నాడు. "తెలుగులో ఏటంటారమ్మా?"

"తెలుగులో లేదు. ఇక్కడ పెరగదు కదా, ఎవరూ పెట్టలేదు."

"అయితే ముల్ల సెట్టే." అని తృప్తిగా నవ్వి, మిగిలిన ఐదు పళ్లను దూదిలో పెట్టి మూత బిగించబోయాడు.

నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్లింది. డబ్బా మీద పడింది.

ఆ క్షణం నేను ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో. కస్టమ్స్ వాళ్లకు ఆ డబ్బా దొరకలేదు. నాకూ దొరికేది కాదు. నేను అడగకపోతే, పేరు చెబుతానని ఆశపెట్టకపోతే, అతను అది బయటికి తీసేవాడే కాదు. మొక్క పోయినా గింజలు జేబులో ఇంటికి చేరేవి. నాకు సాయం చేద్దామని చూపించాడు.

"బాబూ, కూర్చో." అన్నాను. "ఇవి నువ్వు తీసుకెళ్లడానికి కుదరదు. మొక్కా, గింజలూ."

అతనికి వెంటనే అర్థం కాలేదు. పురుగు పోయేదాకా ఇక్కడ ఉంచుతారేమో అనుకున్నాడు. ఎన్నాళ్లకు రమ్మంటారని అడిగాడు. నేను మొత్తం చెప్పాను. పత్రం లేని మొక్క ఒడ్డున దిగకూడదు, మళ్లీ ఓడ ఎక్కించాలి, లేదంటే ఇక్కడ కాల్చేయాలి.

"మరి ముందు సెప్పలేదేటమ్మా?"

ఓడవాళ్లు వెనక్కి తీసుకుంటారేమో అడగమన్నాను.

ఓడకు ఫోను చేశాడు. కొత్తగా చేరిన వంటమనిషి ఎత్తాడు, కెప్టెన్ని అడిగి చెబుతానన్నాడు. పావుగంట ముగ్గురం ఆ ఫోను వంకే చూస్తూ కూర్చున్నాం. ఫ్యాను శబ్దం, బయట లారీల హారన్లు. ఫోను మోగింది. పురుగు పట్టిన మొక్కను వంటింటి దగ్గరికి రానివ్వనని కెప్టెన్ అన్నాడట.

అటెండరు నన్ను వరండాలోకి పిలిచారు. "మేడమ్, పాపం వదిలేద్దాం. ఒక్క డబ్బా మొక్క. ఆ చిన్న డబ్బా అయితే మనం చూడనే లేదు అనుకుందాం. మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్లారనుకోండి."

ఆయన ముప్పై ఏళ్లలో అలాంటి మాట నాతో అనడం అదే మొదటిసారి. అనిపించింది నాకూ. కళ్లు మూసుకుంటే అయిపోతుంది. కానీ సూది కింద తడిగా కదిలినవి నా కళ్లలోంచి పోవడం లేదు. గదిలోకి వెళ్లి అతన్ని అడిగాను.

"మీ ఊళ్లో కొబ్బరికి తెల్లదోమ పట్టిందా?"

"పట్టింది. ఆకులన్నీ మసి పూసినట్టు నల్లగా అయిపోనాయి. మా నాయన నాటిన సెట్లు పది. కాపు సగానికి సగం పోనాది."

"అదీ మన దేశం పురుగు కాదు. ఎక్కడి నుంచో ఏదో మొక్కతో వచ్చింది. ఎవరు తెచ్చారో తెలియదు. బహుశా ఇష్టంగా పెంచుకుందామనే తెచ్చి ఉంటారు."

అతను వాదిస్తే బాగుండేది. వాదించలేదు. మాత్రల డబ్బా మూత తీసి తనే పళ్లన్నీ నా ముందు కాగితం మీద పోశాడు. ఖాళీ డబ్బా జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కడ సంతకం ఎట్టాలమ్మా?"

పెట్టాడు. మొక్క పేరు రాసిమ్మన్నాడు. తెలుగులో, పెద్ద అక్షరాలతో, రెండు పేర్లూ రాసిచ్చాను. మడిచి ఫోను కవర్లో దోపుకున్నాడు. అతని ఫోను మోగింది. గేటు బయట నుంచి భార్య. "ఆ, అయిపోనాది, వత్తన్నాను. సెట్టా? లేదే. తేలేదు. ఓడలోనే ఒగ్గీసేను. కొత్తోడు బాగా సూసుకుంటానన్నాడు." అన్నాడు. నా వంక చూడలేదు. లుంగీ మడిచి భుజాన వేసుకుని సూట్‌కేసు లాక్కుంటూ వెళ్లిపోయాడు.

నేను ఒక్క కొమ్మ కత్తిరించి కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టాను, పురుగు చావడానికి. కోసిన పండునూ అందులోనే పెట్టాను. మిగతా మొక్కను, ఐదు పళ్లను, డబ్బాలో మట్టిని అటెండరూ నేనూ ఆఫీసు వెనక, పట్టుబడినవి కాల్చే కొలిమి దగ్గరికి పట్టుకెళ్లాం. పచ్చి ఆకు అంత గట్టిగా పేలుతుందని నాకు తెలియదు. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు, ఒకదాని వెంట ఒకటి. అటెండరు మొహం తిప్పుకుని నిలబడ్డారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆయనతో చెప్పాను. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, రూలు అంటే రూలే. "నువ్వు చేసింది కరెక్టే కదా." అన్నారు. అవును, కరెక్టే. ఆ మాట వింటే ఇంకా అలసట కలిగింది. అన్నం తినకుండా పడుకున్నాను.

వారం తర్వాత కొమ్మను కాగితాల మధ్య అణిచి ఆరబెట్టి, మందపాటి అట్టమీద కుట్టాను. ఆకులు ఏ వరసలో ఉన్నాయో కనిపించేలా, ఒక ఆకును తిరగేసి అడుగు కనిపించేలా. మూలన చిన్న కాగితపు పొట్లంలో కోసిన పండు. ఇలాంటి షీట్లు మా బీరువాలో చాలా ఉన్నాయి, తర్వాత వచ్చేవాళ్లు పోల్చి చూసుకోవడానికి. కింద చీటీలో మొక్క పేరు, దొరికిన చోటు, గుర్తుపట్టినవారు అని నా పేరు, తెచ్చినవారు అని అతని పేరు, ఓడ వంటమనిషి అని వృత్తి రాశాను. అతని పేరు ఫారంలో చూసి రాశాను. చేతిరాత నాదే అయినా ఎందుకో ఆ గడి నింపేటప్పుడు చెయ్యి మెల్లగా నడిచింది.

వర్షాలు వెనకపట్టాక ఒక పొద్దుట వాళ్లిద్దరూ వచ్చారు. ఆవిడ ముందు, అతను వెనక. ఆవిడ పొట్టిగా, గట్టిగా ఉంది. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి నిలబడింది.

"మీరేనా అమ్మా, మా సెట్టు కాల్చీసినోరు?"

"నేనే."

"అది కాదమ్మా." అన్నాడతను కంగారుగా. "తగువుకి రాలేదు. సూత్తానని ఒకటే గోల ఎడితే ఒట్టుకొచ్చేను. అటెండరు బాబుకి ఫోన్ సేత్తే, కొమ్మ ఒకటి దాసేరని సెప్పేరు."

నేను కూర్చోమన్నాను. ఆవిడ కూర్చుంది. "రెండు నెల్లు నాతో అబద్దం ఆడేడమ్మా." అంది. "కొత్త వంటోడు నీల్లు పోత్తన్నాడంట, సెట్టు బాగుందంట, సిగుర్లేసిందంట. సరే, ఓ పాలి ఫొటో పంపించమను ఆ బాబుని అన్నాను. రేపంటాడు, ఎల్లుండంటాడు. ఆకరికి అన్నం కాడ కూకుని సెప్పేడు. నాకు సెట్టు పోనందుకు కాదు, అన్నాల్లు ఒక్కడూ మింగుకున్నందుకు కోపమొచ్చింది."

బీరువా తీసి షీటు తెచ్చి బల్ల మీద పరిచాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంతేనా? ఫోన్లో పెద్దగా అవుపించీది." వేలు చాపి ఒక ఆకు అంచు తాకింది, వెంటనే తీసేసుకుంది. "ఎండిపోనా గుచ్చుతంది." పొట్లం వైపు చూసింది. "ఇందులో గింజలా?"

"కోసినవి. ఫ్రీజర్లో పెట్టి ఆరబెట్టినవి. మొలకెత్తవు."

"నాను అడగలేదులెండి." అంది.

ఆ మాటకు నా మొహం వేడెక్కింది. అప్పుడు చెప్పాను, ఐదు నెలలుగా ఎవరికీ చెప్పనిది. "మీ ఆయన ఆ పళ్లు తనంతట తనే చూపించాడమ్మా. పేరు చెబుతానని నేను ఆశపెడితే. తీసుకెళ్లకూడదని నేను ముందే చెప్పి ఉంటే దాచుకునేవాడు. ముందు చెప్పాల్సింది. చెప్పలేదు."

ఆవిడ మొగుడి వంక చూసింది. అతను కిటికీ బయటికి చూస్తున్నాడు.

"దాసి తెచ్చి నాటితే, ఆ పురుగు మా కొబ్బరికి పట్టీదా?"

"ఆ పురుగు గింజలో ఉండదు. వేరే ఏదైనా ఉంటుందో ఉండదో తెలియదు."

"తెలీకుండానే కాల్చీసేరా?"

"తెలియదు కాబట్టే కాల్చాం."

ఆవిడ ఒప్పుకుందో లేదో నాకు తెలియలేదు. చీటీ మీదికి వంగి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మొగుడి పేరు దగ్గర ఆగింది. "ఈయన పేరెందుకు రాసేరు?"

"తెచ్చినవాళ్ల పేరు రాస్తాం."

"ఇది ఎన్నాల్లుంటాది ఇక్కడ?"

"పురుగు పట్టకుండా చూసుకుంటే చాలాకాలం ఉంటుంది. మా బీరువాలో నేను పుట్టకముందువి కూడా ఉన్నాయి."

అతను అప్పుడు దగ్గరికి వచ్చి చూశాడు. ఫొటో తీసుకోవచ్చా అని అడిగాడు, తీసుకోమన్నాను. వచ్చే వారం బొంబాయిలో ఇంకో ఓడ ఎక్కుతున్నానని చెప్పాడు. ఈసారి ఆరు నెలలే అని కాగితం మీద ఉందట. "కాయితం మీద అలగే ఉంటాది." అంది ఆవిడ.

వెళ్లేముందు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఆవిడ అడిగింది. "ఆ పేరు ఓ పాలి సెప్పండమ్మా. రాసిచ్చేరు గానీ ఎలగ పలకాలో మా ఇద్దరికీ తెల్దు. పెద్దది, పుస్తకంలోది."

చెప్పాను. మెట్లు దిగుతూ ఆవిడ దాన్ని పలకడం వినిపించింది. మొదటిసారి మధ్యలో తడబడింది. రెండోసారి అతను అందించాడు.

నేను షీటు మళ్లీ బీరువాలో పెట్టి, మధ్యాహ్నం రాబోయే దుంగల ఓడకు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.